దాచి అమ్మమంటున్నారు, నేనేం చేయాలి?

ప్రశ్న: నేను సేల్స్, మార్కెటింగ్ వృత్తి విద్యా కోర్సులో రెండో సంవత్సరం చదువుతున్నాను. శిక్షణలో భాగంగా గృహోపకరణాలు అమ్మే ఒక దుకాణంలో పనిచేస్తున్నాను. ప్రతి బిల్లులోనూ అదనపు వారంటీ చేర్చమని, అది దేనికి వర్తించదో అడిగితే తప్ప చెప్పవద్దని అక్కడి సూపర్‌వైజర్ అంటారు. ఎప్పటినుంచో నడుస్తున్న తగ్గింపును ‘ఈ ఒక్కరోజే’ అని చెప్పమంటారు. ఊరికే చూసి వెళ్లేవారి ఫోన్ నంబర్లు కూడా ఏదో వంకతో రాసుకోమంటారు. ఈమధ్య లాండ్రీ నడుపుకునే ఒకావిడకు వాషింగ్ మెషీన్‌తో పాటు అదనపు వారంటీ కూడా అమ్మాను. వ్యాపారానికి వాడే మెషీన్‌కు ఆ వారంటీ వర్తించదని తర్వాత షరతుల కాగితం చదివితే తెలిసింది. నా మార్కులలో కొంత భాగం సూపర్‌వైజర్ ఇచ్చే నివేదిక మీద, అంటే నా అమ్మకాల మీద ఆధారపడి ఉంది. ఇదే సమయంలో ‘వినియోగదారులతో నైతిక సంబంధాలు’ అనే అంశం మీద ప్రాజెక్టు రాసి ఇవ్వాలి. నిజం చెప్పి అమ్మడం సాధ్యమేనా? సాధ్యం కాకపోతే ఈ ప్రాజెక్టులో నేను ఏమి రాయాలి?

సమాధానం: మీరు అడిగిన వాటిలో మిగతావన్నీ కొంత ఆగినా ఫరవాలేదు గాని, లాండ్రీ నడుపుకునే ఆవిడ సంగతి మాత్రం ఆగదు. కాబట్టి ముందు దాని గురించే చెబుతాను. అదనపు వారంటీ ఒప్పందాలలో చాలావాటికి, కొన్న తర్వాత కొద్ది రోజుల లోపల రద్దు చేసుకుని డబ్బు వెనక్కి తీసుకునే వీలు ఉంటుంది. మీరు చదివిన షరతుల కాగితంలోనే ఆ గడువు ఎంతో, రద్దు చేసుకోవడానికి ఎవరికి రాయాలో ఉంటుంది. ఈరోజే ఆ కాగితం తీసి ఆ భాగం చదవండి. ఆ తర్వాత సూపర్‌వైజర్ దగ్గరకు వెళ్లి, “ఈ మెషీన్ వ్యాపారానికి కొన్నారు, ఈ వారంటీ దానికి వర్తించదు, రేపు మెషీన్ పాడైతే ఫిర్యాదు మన దుకాణం మీదికే వస్తుంది, ఆవిడకు ఫోన్ చేసి రద్దు చేయించడానికి అనుమతి ఇవ్వండి” అని సూటిగా అడగండి. ఆయన ఒప్పుకుంటే అంతకంటే కావలసింది లేదు. ఒప్పుకోకపోతే అదే రోజు మీ కోర్సు అధ్యాపకులకు ఈ విషయం రాతపూర్వకంగా తెలియజేయండి. శిక్షణకు మిమ్మల్ని పంపింది మీ విద్యాసంస్థ కనుక, ఇలాంటి చిక్కులో మీ వెనుక నిలబడవలసిన బాధ్యత కూడా దానిదే. ఎవరి ద్వారా అన్నది ఎలా తేలినా, గడువు దాటకముందే ఆవిడకు నిజం తెలియాలి. ఫోన్ చేసినప్పుడు సాకులు వెతకవద్దు. “మీరు మెషీన్‌ను వ్యాపారానికి వాడతారని ముందే అడిగి తెలుసుకోవలసింది, అడగలేదు, ఈ వారంటీ మీకు పనికిరాదు, రద్దు చేసుకునే పద్ధతి ఇది” అని చెబితే చాలు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. అమ్మేవాడికి తెలిసినది కొనేవారికి తెలియకపోవడం అనే ఒక్క స్థితిలోనే ఈ వృత్తిలోని నైతిక ప్రశ్నలు దాదాపు అన్నీ పుడతాయని నా నమ్మకం. వస్తువు లోపల ఏముందో, షరతుల కాగితంలో ఏమి రాసి ఉందో, తగ్గింపు నిజంగా ఎప్పుడు ముగుస్తుందో మీకు తెలుసు, ఎదుటివారికి తెలియదు. ఆ తేడాను తగ్గించడానికి నోరు విప్పుతారా, లేక ఆ తేడాను ఆసరా చేసుకుని అమ్ముతారా అన్నదే మీరు ఎలాంటి విక్రేతో తేలుస్తుంది. ‘అడిగితే తప్ప చెప్పవద్దు’ అనే మీ దుకాణపు నియమం చూడటానికి పెద్ద అబద్ధంలా కనిపించదు, ఎందుకంటే అందులో తప్పుడు మాట ఒక్కటీ లేదు. కాని ఒక ప్రశ్న అడగాలన్నా ముందు కొంత తెలిసి ఉండాలి. వ్యాపార వినియోగానికి వారంటీ వర్తించకపోవచ్చు అనే ఊహే రాని మనిషి, దాని గురించి ఎలా అడుగుతుంది? అంటే ఆ నియమం, తెలిసినవారికి నిజం చెప్పి, తెలియనివారి దగ్గరే మౌనం పాటించమంటోంది. రక్షణ ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది అందకుండా చేస్తోంది.

ఈ తెలియనితనం ఒక్క కొనుగోలుదారుకే కాక మొత్తం మార్కెట్‌కే ఎలా చేటు చేస్తుందో ఆర్థికవేత్త జార్జ్ అకెర్‌లాఫ్ 1970లో ప్రచురించిన ఒక వ్యాసంలో వివరించారు. ఆయన పాత కార్ల అమ్మకాన్ని ఉదాహరణగా తీసుకున్నారు. మంచి కారేదో, లోపాలున్న కారేదో కొనేవారు పోల్చుకోలేనప్పుడు, అన్నింటికీ మధ్యస్థమైన ధర మాత్రమే ఇవ్వజూపుతారు. ఆ ధరకు మంచి కారు అమ్ముకోవడం నష్టం కాబట్టి దాని యజమాని మార్కెట్ నుంచి తప్పుకుంటాడు. మిగిలిన వాటిలో చెడ్డవే ఎక్కువ కావడంతో ధర ఇంకా పడిపోతుంది, మరికొందరు తప్పుకుంటారు. ఈ పరిశోధనకు గాను 2001లో ఆయన మరో ఇద్దరితో కలిసి ఆర్థికశాస్త్రంలో నోబెల్ పురస్కారం పంచుకున్నారు. మీ కోణం నుంచి చూస్తే దీని అర్థం ఒకటే: దాచి అమ్మే ప్రతి విక్రేతా, చెప్పి అమ్మే విక్రేతల మీద ఉన్న నమ్మకాన్ని కూడా కొంత తరిగేస్తున్నాడు. అమ్మేవాళ్లందరూ ఇంతేనన్న అనుమానంతో దుకాణంలోకి అడుగుపెట్టే మనిషి ముందు రేపు నిలబడవలసింది మీరే.

మీ దుకాణంలో జరుగుతున్న దానికి చాలా దగ్గరగా ఉండే ఉదంతం ఒకటి బ్రిటన్‌లో, ఊహించలేనంత పెద్ద ఎత్తున జరిగింది. అప్పు తీసుకున్నవారికి జబ్బు చేసినా, ఉద్యోగం పోయినా వాయిదాలు చెల్లించడానికి పనికివచ్చే బీమాను అక్కడి బ్యాంకులు రుణాలతో పాటు అమ్మేవి. ఆలోచన మంచిదే, అవసరమైనవారికి అది నిజంగా ఉపయోగపడేదే. అయితే స్వయం ఉపాధి మీద బతికేవారు తదితరులకు, అంటే షరతుల ప్రకారం ఎన్నటికీ ఆ బీమా సొమ్ము కోరలేని ఎందరికో కూడా దాన్ని అంటగట్టారు. కొందరికైతే అది తమ రుణంలో చేరి ఉందన్న సంగతే తెలియదు. చివరికి నియంత్రణ సంస్థలు జోక్యం చేసుకున్నాక, ఫిర్యాదులకు గడువు 2019 ఆగస్టు 29తో ముగిసేలా నిర్ణయించారు. ఆ బ్యాంకులు, రుణసంస్థలు కలిసి వినియోగదారులకు తిరిగి ఇచ్చిన మొత్తం 3,800 కోట్ల పౌండ్లు దాటింది. అక్కడ కూడా కౌంటర్ దగ్గర కూర్చున్న ఉద్యోగి తాను చేసినది మోసమని అనుకుని ఉండడు. బిల్లులో ఒక వరుస చేర్చాడు, ఎదుటివారు అడగలేదు, తాను చెప్పలేదు. లాండ్రీ ఆవిడ బిల్లులో మీరు చేర్చిన వరుస కూడా అలాంటిదే. తేడా ఏమిటంటే మీకు అది ఇంత త్వరగా తెలిసింది, దిద్దుకునే సమయం ఇంకా ఉంది.

అయితే అదనపు వారంటీయే చెడ్డదని నేను అనడం లేదు. మెషీన్‌ను ఇంట్లో ఎక్కువగా వాడేవారికి, ఒక్కసారిగా మరమ్మతు ఖర్చు భరించలేనివారికి అది మేలు చేయవచ్చు. ఎవరికి మేలు చేస్తుందో తెలుసుకోవాలంటే మాత్రం ధర చెప్పకముందే, మోడల్ చూపించకముందే కొన్ని ప్రశ్నలు అడగాలి. మెషీన్ ఎవరు వాడతారు, రోజుకు ఎన్నిసార్లు, ఎక్కడ పెడతారు, ఇంతకుముందు వాడినది ఎందుకు మార్చుతున్నారు, దేనికి ఇబ్బంది పడ్డారు. మీ కోర్సులో ‘అవసరాల గుర్తింపు’ అనే పేరుతో ఈ దశ గురించి చదివే ఉంటారు. చాలామంది విద్యార్థులు దీన్ని అమ్మకానికి ముందు జరిగే మర్యాద సంభాషణగా భావించి, జవాబు వినకుండానే తర్వాతి మాటకు వెళ్లిపోతారు. నిజానికి మీరు వేయవలసిన ప్రశ్నలలో ఇవే ముఖ్యమైనవి. ఆవిడను “ఇంటికేనా, వ్యాపారానికా?” అని ఒక్క మాట అడిగి, జవాబు విని ఉంటే ఈ చిక్కే వచ్చేది కాదు. వ్యాపార వినియోగానికి తగిన మెషీన్ మీ దగ్గర ఉందో లేదో చూసేవారు, లేకపోతే లేదని చెప్పేవారు.

ప్రశ్నల తర్వాత, అడగకపోయినా చెప్పవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. మొత్తం ఖర్చు ఎంత అవుతుంది, ఈ వస్తువు ఏ పనికి పనికిరాదు, ఈ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవాలంటే దారి ఏమిటి అన్నవి వాటిలో ముందు వరుసలోనివి. వీటిని ఉదారతగా భావించవద్దు. కొనేవారికి ఇవి హక్కుగా రావలసినవి. 1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెన్నెడీ ఆ దేశ కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో వినియోగదారుల హక్కులుగా నాలుగింటిని పేర్కొన్నారు: భద్రత, సమాచారం పొందడం, ఎంచుకోవడం, తమ మాట వినిపించుకోవడం. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1985లో వినియోగదారుల రక్షణ మార్గదర్శకాలను ఆమోదించి, 2015లో వాటిని సవరించింది. మార్చి 15ను ప్రపంచ వినియోగదారుల హక్కుల దినంగా పాటించడం ఆ పాత సందేశం వల్లనే. మీ ప్రాజెక్టులో ఈ నాలుగు హక్కులను జాబితాగా రాసి వదిలేయకుండా, మీ దుకాణపు కౌంటర్ దగ్గర ఒక్కొక్కటీ ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ జారిపోతుందో చూసి రాయండి. ఉదాహరణకు, షరతుల కాగితాన్ని డబ్బు కట్టాక చేతికిస్తే సమాచారం పొందే హక్కు ఉన్నట్టా, లేనట్టా?

‘ఈ ఒక్కరోజే’ విషయంలో నాకు సందేహం లేదు. అది అబద్ధం, చెప్పవద్దు. తగ్గింపు నిజంగా ఈరోజుతో ముగుస్తుంటే ఆ మాట చెప్పడం కొనేవారికి సహాయమే. ముగియనప్పుడు చెబితే మాత్రం, ఇంటికి వెళ్లి ఆలోచించుకునే అవకాశాన్ని వారి చేతిలోంచి లాక్కున్నట్టే. కృత్రిమంగా పుట్టించిన తొందరలో మనుషులు సరిగా నిర్ణయించుకోలేరన్న గ్రహింపుతోనే అనేక దేశాల చట్టాలు పునరాలోచన గడువులను ఏర్పాటు చేశాయి. ఇంటికి వచ్చి అమ్మిన వస్తువుల విషయంలో అమెరికాలో మూడు పనిదినాల గడువు ఉంది. ఐరోపా సమాఖ్యలో దూరం నుంచి, అంటే ఆన్‌లైన్‌లోనో ఫోన్‌లోనో కొన్నవాటిలో చాలావాటికి 14 రోజుల గడువు ఉంది. ఇలాంటి గడువు దుకాణంలో స్వయంగా చూసి కొన్నదానికి వర్తించకపోవచ్చు, కాని దాని వెనుక ఉన్న ఆలోచన ఎక్కడైనా ఒకటే. దీనికి తోడు మన మనుషులలో మొహమాటం ఒకటి ఉంటుంది. అరగంట సేపు ఓపికగా అన్నీ చూపించిన మనిషికి వద్దని చెప్పలేక, అవసరం లేకపోయినా తల ఊపేవారు ఎందరో. ఆ తల ఊపడాన్ని అంగీకారంగా లెక్కవేసుకునే విక్రేత ఆరోజు అమ్మకం సాధిస్తాడు గాని, ఆ మనిషి మళ్లీ ఆ వీధిలోకి వచ్చినా దుకాణం మెట్లు ఎక్కడు. “ఆలోచించుకుని రండి, నేను రాసిచ్చిన ధర, మోడల్ పేరు ఈ కాగితంలో ఉన్నాయి, వేరే చోట కూడా చూడండి” అని మీరే ముందు చెప్పి చూడండి. కొందరు తిరిగి రారు. తిరిగి వచ్చినవారు మాత్రం బేరానికి కాక, కొనడానికే వస్తారు.

ఫోన్ నంబర్ల సంగతి తేలికైనది. దేనికి అడుగుతున్నారో చెప్పి, ఇష్టమైతేనే తీసుకోండి, వద్దన్నవారిది రాసుకోవద్దు, ప్రకటనల సందేశాలు ఆపమని కోరితే ఆపించండి. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో దాన్ని వెనక్కి తీసుకోవడం కూడా అంతే సులువుగా ఉండాలని, 2018 నుంచి అమలులో ఉన్న ఐరోపా సమాచార రక్షణ నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. మీరు పనిచేసే చోట వర్తించే చట్టం ఏదైనా, ఈ కొలమానం పెట్టుకుంటే తప్పు జరగదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది మార్కులు అమ్మకాల మీద ఆధారపడటం గురించి మీరు రాసిన వాక్యం. ఎందుకంటే విక్రేత అబద్ధం చెప్పడానికి ఎక్కువ సందర్భాలలో కారణం అతని స్వభావం కాక, అతని మీద పెట్టిన లెక్క. అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు వ్యవహారాన్ని మీరు తప్పక చదవాలి. ఒక్కో ఖాతాదారుకు ఎనిమిది సేవలు అంటగట్టాలన్న లక్ష్యాన్ని అక్కడి యాజమాన్యం సిబ్బంది ముందు పెట్టింది. ఆ ఒత్తిడి తట్టుకోలేక సిబ్బంది, ఖాతాదారులకు తెలియకుండానే వారి పేర్లతో లక్షల సంఖ్యలో ఖాతాలు, కార్డులు తెరిచారు. 2016 సెప్టెంబరులో ఇది బయటపడ్డప్పుడు నియంత్రణ సంస్థలు 18.5 కోట్ల డాలర్ల జరిమానా విధించాయి. సుమారు 5,300 మంది ఉద్యోగులను అప్పటికే తొలగించినట్టు తేలింది. ఆ తర్వాత 2020లో దర్యాప్తులను పరిష్కరించుకోవడానికి బ్యాంకు 300 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. గమనించవలసింది ఏమిటంటే, లక్ష్యం పెట్టినవారి కంటే ముందు ఉద్యోగం పోగొట్టుకున్నవారు కింది స్థాయి సిబ్బందే. “నాకు చెప్పారు, చేశాను” అన్న మాట వారిని కాపాడలేదు.

కాబట్టి సూపర్‌వైజర్‌తో మాట్లాడేటప్పుడు నీతిబోధ చేయవద్దు, అలాగని తల వంచుకుని ఊరుకోవద్దు కూడా. ఆయన మీదా పైనుంచి ఒక లెక్క ఉండే ఉంటుంది. “వారంటీ గురించి ప్రతి ఒక్కరికీ చెబుతాను, దేనికి వర్తిస్తుందో, దేనికి వర్తించదో రెండూ చెబుతాను, అవసరమైనవారికి తప్పక అమ్ముతాను, కాని వర్తించనివారికి అమ్మలేను, లేని గడువు చెప్పలేను” అని మర్యాదగా, ఏకాంతంలో, ఒక్కసారి స్పష్టంగా చెప్పండి. దాచమని ఆయన మళ్లీ చెబితే, ఆ సూచనను కాగితం మీద ఇవ్వమని అడగండి. రాసివ్వడానికి వెనుకాడే ఆదేశాలు చాలాసార్లు అక్కడికక్కడే ఆగిపోతాయి. ఇక మీ అధ్యాపకులను అడగవలసింది వేరే ఉంది: శిక్షణ మార్కులు అమ్మకాల సంఖ్య మీదే కాకుండా, వినియోగదారుల అవసరాన్ని ఎలా గుర్తించారు, వెనక్కి వచ్చిన వస్తువులు ఎన్ని, ఫిర్యాదులను ఎలా పరిష్కరించారు అన్నవాటి మీద కూడా ఇవ్వమని కోరండి. తరగతిలో నీతి గురించి పాఠం చెప్పి, దుకాణంలో సంఖ్యకు మాత్రమే మార్కులు వేసే సంస్థ, తాను ఏ పాఠాన్ని నిజంగా నేర్పుతోందో ఒకసారి ఆలోచించుకోవాలి. ఈ మాట అడగడానికి మీరు చిన్నవారు కాదు. తోటి విద్యార్థులు నలుగురు కలిసి అడిగితే ఇంకా మంచిది.

నిజం చెప్పి అమ్మడం సాధ్యమా అన్నదానికి నిజాయితీగా జవాబు చెప్పాలంటే, ప్రతిసారీ సాధ్యం కాదు. అరచేతిలో వైకుంఠం చూపించేవాడి పక్కన నిలబడి ఉన్నది ఉన్నట్టు చెబితే, ఆ వారం ఆ నెల లెక్కలో మీరు వెనుకబడవచ్చు. ఆ సంగతి దాచి మీకు ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు. అయితే వెనుకబడటం ఎక్కడ, ముందుకు రావడం ఎక్కడ అన్నది పరిశోధకులు ఆలోచించిన విషయమే. 1982లో రాబర్ట్ సాక్స్, బార్టన్ వైట్జ్ అనే ఇద్దరు, విక్రేత దృష్టి తన అమ్మకం మీద ఉందా లేక వినియోగదారు అవసరం మీద ఉందా అని కొలవడానికి 24 వాక్యాల ప్రశ్నావళిని తయారుచేశారు. అందులో సగం వాక్యాలు వినియోగదారుకు మేలు చేసే ప్రవర్తన గురించి, మిగతా సగం ఎలాగైనా అమ్మేసే ప్రవర్తన గురించి. కొనేవారికి విషయం క్లిష్టంగా ఉన్నచోట, మళ్లీ మళ్లీ వచ్చే కొనుగోళ్ల మీద, ఇతరులకు చేసే సిఫారసుల మీద వ్యాపారం నడిచేచోట వినియోగదారు పక్షాన ఆలోచించే పద్ధతి ఎక్కువ ఫలిస్తుందని వారి వాదన. ఒక్కసారి అమ్మి మళ్లీ ముఖం చూడని వ్యాపారంలో ఈ ఫలితం కనిపించడం కష్టం. అందుచేత చదువు పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కునేటప్పుడు జీతం, కమిషన్‌లతో పాటు ఆ సంస్థకు పాత వినియోగదారులు ఎంతమంది తిరిగి వస్తున్నారో కూడా అడిగి తెలుసుకోండి. ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పే చోట మీలాంటివారు నిలదొక్కుకోగలరు.

చివరగా ప్రాజెక్టు. పాఠ్యపుస్తకంలోని నిర్వచనాలను తిరగరాయవద్దు; మీ దగ్గర ఉన్న అనుభవం వాటికంటే విలువైనది. సాక్స్, వైట్జ్‌ల పద్ధతిని అనుసరించి మీ మాటలలో పదో పన్నెండో వాక్యాలు రాసుకుని, శిక్షణ ముగిసేవరకు రోజూ పని అయ్యాక మీకు మీరే మార్కులు వేసుకోండి. ఈరోజు ఎవరికైనా ‘ఇది మీకు అవసరం లేదు’ అని చెప్పానా, అడగని షరతు ఒక్కటైనా ముందుగా చెప్పానా, వద్దన్నవారిని రెండోసారి బలవంతపెట్టానా వంటివి అందులో ఉండాలి. దుకాణం పేరు, వ్యక్తుల పేర్లు లేకుండా, లాండ్రీ ఆవిడ వారంటీ ఉదంతాన్ని మొదటినుంచి చివరిదాకా రాయండి: ఏ ప్రశ్న అడగలేదు, ఏ షరతు చదవలేదు, తెలిశాక ఎవరితో ఏమి మాట్లాడారు, ఏమి జరిగింది. రద్దు కుదరకపోతే కుదరలేదనే రాయండి. దాని పక్కనే, ఇకముందు ఏ విద్యార్థి అయినా బిల్లులో వారంటీ చేర్చకముందు కొనేవారికి చదివి వినిపించడానికి వీలుగా, వర్తించనివాటిని ఒక్క పేజీలో తేట తెలుగులో రాసి జతచేయండి. ఆ పేజీ నకలు ఒకటి సూపర్‌వైజర్‌కు కూడా ఇచ్చి, కౌంటర్ దగ్గర ఉంచుకోవడానికి అనుమతి అడగండి.